హాజరు మేష్టారి బండికి లాగుడు తగ్గింది

గొడుగుల ఫ్యాక్టరీలో ఉదయం షిఫ్టు ఎనిమిదిన్నరకి. ఎనిమిదీ ఇరవై తొమ్మిదికి గేటు ముందు ఒక పాత మోటారుసైకిలు ఆగేది. దాని మీంచి యాభై దాటిన మనిషి దిగి, హెల్మెట్ తీసి, మిగిలిన నాలుగు వెంట్రుకల్నీ దువ్వెనతో సర్దుకుని, లోపలికెళ్లి హాజరుపట్టీ ముందేసుకుని ఎర్రసిరా పెన్ను మూత తీసేవాడు. పద్దెనిమిదేళ్లుగా ఇదే వరస. అందరూ ఆయన్ని హాజరు మేష్టారు అనేవాళ్లు. అది ఎదురుగా ఉన్నప్పుడు. వెనకాల ఏమనేవాళ్లో ఇక్కడ రాయడం బాగుండదు.

నిమిషం ఆలస్యమైతే ఎర్ర గీత. మూడు గీతలకి సగం రోజు సెలవు పోయినట్టు. ఆఫీసు గదిలో కూర్చునేవాళ్లకి మూడు నెలల్లో పన్నెండు గీతలు పడితే కుర్చీ పోయి గొడుగుపిడుల సెక్షనుకి బదిలీ. ఈ నియమం మేష్టారే రాసి, మేనేజరు చేత సంతకం పెట్టించాడు.

అలాంటి మనిషి ఒక సోమవారం ఎనిమిదీ ముప్ఫై ఒకటికి వచ్చాడు.

గేటు కాపలాదారు గడియారం చూశాడు, మేష్టారిని చూశాడు, గడియారం ఆగిపోయిందేమోనని దాన్ని తట్టి మళ్లీ చూశాడు. మేష్టారు నేరుగా లోపలికెళ్లి తన పేరుకెదురుగా తనే ఎర్ర గీత గీసుకున్నాడు. ఆ కబురు గుడ్డ కత్తిరించే సెక్షను నుంచి ప్యాకింగు దాకా పొద్దుటి టీ కన్నా ముందు చేరింది.

"బండిలో లాగుడు తగ్గింది," అన్నాడు ఆ సాయంత్రం భార్యతో.

"పది నిమిషాలు ముందు బయల్దేరండి."

"తప్పు బండిది. శిక్ష నాకెందుకు?"

ఎనిమిదీ పదికి బయల్దేరడం ఆయన లెక్కలో సూర్యుడు తూర్పున పొడవడం లాంటిది. పైగా సాక్ష్యం ఉంది. పెట్రోలు ఎక్కువ తాగుతోంది. ఇంటి నుంచి ఫ్యాక్టరీకి తొమ్మిది కిలోమీటర్లు. వెళ్లిన సార్లని తొమ్మిదితో గుణిస్తే లీటరుకి ఎంత వస్తోందో తేలిపోతుంది. తెలిసిన దూరానికి మీటరు చూడటం ఎందుకు?

ఫ్యాక్టరీ వెనక సందులో ఒక రేకుల షెడ్డు ఉంది. అందులో మెకానిక్కు నలభై దాటిన ఆవిడ, తండ్రి దగ్గర పని నేర్చుకుంది. ఊళ్లో అందరికీ ఆమె ప్లగ్గక్క. పొడుగాటి స్క్రూడ్రైవరు మొన ఇంజను మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, కళ్లు మూసుకుని వినేది. ఆ సమయంలో మాట్లాడితే ఎంతటివాళ్లనైనా కసిరేది.

"ఏమంటోంది?" అన్నాడు మేష్టారు.

"మీరు నోరు మూసుకుంటే అదేమంటోందో వినబడుతుంది మేష్టారూ."

పద్దెనిమిదేళ్లలో ఆయనతో అలా మాట్లాడినవాళ్లు లేరు. బుద్ధిగా స్టూలు మీద కూర్చున్నాడు.

ప్లగ్గు విప్పి చూపించింది. మొన నల్లగా మసిబారి ఉంది. "ఇది టీ రంగులో ఉండాలి. పెట్రోలు ఎక్కువ పోతోంది, గాలి తక్కువ అందుతోంది." గాలి వడపోసే ఫిల్టరు తీసి దులిపితే సగం ఊరి దుమ్ము రాలింది. దాన్ని మార్చింది. కార్బ్యురేటరు విప్పి, అందులోని సూదిబెజ్జాల్ని గాలి కొట్టి శుభ్రం చేసింది. బండి ఎక్కి చూస్తే నిజంగానే హాయిగా పోతోంది. మేష్టారు ఈలవేసుకుంటూ ఇంటికెళ్లాడు.

మర్నాడు ఎనిమిదీ ముప్ఫై ఒకటిన్నరకి చేరాడు.

మళ్లీ షెడ్డుకి వచ్చాడు. ఈసారి ఆమె బండిని స్టాండు మీద నిలబెట్టి వెనక చక్రం చేత్తో తిప్పింది. రెండు చుట్లకే ఆగింది. "బ్రేకు పట్టేస్తోంది చూశారా? మీరు వెళ్లమంటున్నారు, అది వద్దంటోంది. పాపం బండి ఎవరి మాట వింటుంది?" బ్రేకు వదులు చేసింది. చెయిను బిగించి నూనె వేసింది. టైర్లలో గాలి సరిచూసింది. ఇప్పుడు చక్రం తిప్పితే తిరుగుతూనే ఉంది.

ఎనిమిదీ ముప్ఫై రెండు.

బండి బాగయ్యేకొద్దీ మేష్టారు ఆలస్యమవుతున్నాడు. క్లచ్చు తీగ సరిచేసింది. వాల్వుల సందు కొలిచి సరిపెట్టింది. ఇంజను కొత్తపెళ్లికొడుకులా నిగనిగలాడుతోంది, తుమ్మదు, దగ్గదు. అయినా దారి ఖాళీగా ఉన్న రోజు ఎలాగో అందుకునేవాడు, లేని రోజు గీతే. అలా ఎర్ర గీతలు తొమ్మిదయ్యాయి. ఫ్యాక్టరీలో జనం ఇప్పుడు మేష్టారి కన్నా ముందే వచ్చి గేటు దగ్గర నిలబడి ఎదురుచూస్తున్నారు. హాజరు ఇంత బాగా ఎప్పుడూ లేదని మేనేజరు మెచ్చుకున్నాడు కూడా.

ఆరు వారాలు రోజూ సాయంత్రం మేష్టారికి ఆ స్టూలే గతైంది. ముందు ఊరికే చూసేవాడు. తర్వాత పది నంబరు స్పానరు అడిగితే పది నంబరే అందించేవాడు. ఒకరోజు ప్లగ్గు తనే విప్పాడు. ఆమె పక్క బండిది కూడా విప్పమంది.

పదకొండో గీత పడ్డాక ప్లగ్గక్క చేతులు గుడ్డకి తుడుచుకుంటూ, "మేష్టారూ, ఈ బండిలో ఇక విప్పడానికి ఏమీ మిగల్లేదు. ఆదివారం నేనే నడుపుతా. మీరు వెనక కూర్చుని గడియారం చూడండి," అంది.

ఆదివారం పొద్దున ఫ్యాక్టరీ గేటు నుంచి బయల్దేరారు. మేష్టారు ఎప్పుడూ పోయే వేగమే, ఎప్పుడూ పోయే దారే. తన వీధి మలుపు దగ్గరికొచ్చేసరికి సరిగ్గా పద్దెనిమిది నిమిషాలు.

"లెక్క సరిపోయింది!" అని వెనక నుంచి అరిచాడు. "ఇక్కణ్ణించి ఒక్క నిమిషం."

వీధిలోకి తిప్పింది. కాసేపు పోయింది. "ఏ ఇల్లు?"

"చివరిది."

ఇంకాసేపు పోయింది. "ఎక్కడా?"

"చెప్పానుగా, చివరిది."

"ఇంకా చివరేనా?" అని ఆమె బండి ఆపేసి మీటరు చూసింది. వీధి మలుపు నుంచి ఇక్కడికి ఎనిమిది వందల మీటర్లు. మేష్టారి ఇల్లు దూరంగా అగ్గిపెట్టెంత కనిపిస్తోంది.

పక్కనే గేటు ముందు కుర్చీ వేసుకుని ఒక పెద్దావిడ చిక్కుడుకాయలు ఒలుస్తోంది. ఎనిమిదో నంబరు ఇల్లు ఆవిడది.

"అమ్మా, ఈ వీధి ఇంత పొడుగా?" అని అడిగింది ప్లగ్గక్క.

"పెరుగుతోంది కదమ్మా. రెండు నెలలైంది. మా గోడకీ తొమ్మిదో నంబరు గోడకీ మధ్య ఒకప్పుడు పిల్లి పట్టేది కాదు. ఇప్పుడు పక్కింటావిడని పలకరించాలంటే ఫోన్ చేసుకోవాల్సి వస్తోంది. మున్సిపాలిటీవాళ్లు నాలుగు కొత్త దీపాలు వేశారు. పోస్టుమాన్ సైకిలు కొనుక్కున్నాడు."

"ఓహో," అంది ప్లగ్గక్క. మేష్టారి వైపు తిరిగింది. "ఈ ముక్క ముందే చెబితే వాల్వుల జోలికి పోయేదాన్నే కాదు."

"నాకు తెలిస్తేగా!"

"రోజూ రెండుసార్లు తిరిగే మనిషికి తెలీకపోవడమేంటండీ?" అంది పెద్దావిడ.

మేష్టారికి తల కొట్టేసినట్టయింది. ఆయన చూపు రోజూ గడియారం మీద, చెవి ఇంజను మీద. ఇళ్లు ఎక్కడుంటే ఆయనకెందుకు? ఇంటికెళ్లి భార్యని నిలదీశాడు.

"కూరల బండివాడు మన గేటు దాకా రావడం మానేశాడని చెప్పానుగా!"

"నువ్వు చెప్పింది కూరల బండి గురించి."

"మీరు విన్నదీ అంతవరకే."

అక్కడ వీధిలో ప్లగ్గక్క ఇంకా కదల్లేదు. మేష్టారు తిరిగొచ్చేసరికి ఎనిమిదికీ తొమ్మిదికీ మధ్య ఖాళీలో అడుగులు కొలుస్తోంది. అటు నలభై, ఇటు అరవై.

"ఈ జాగా ఎవరిదమ్మా?"

"ఎవరిదీ కాదు. పోయిన నెలే పుట్టింది," అంది పెద్దావిడ.

"ఎందుకూ?" అన్నాడు మేష్టారు.

"షెడ్డు ఖాళీ చెయ్యమన్నారు. నెలాఖరు దాకా గడువు," అంది ప్లగ్గక్క, ప్లగ్గు మార్చాలి అన్నంత మామూలుగా.

మేష్టారు లోలోపలే లెక్క వేసుకున్నాడు. ఆరు వారాలు ఆ స్టూలు మీద కూర్చుని తన మూడు నిమిషాల గురించి ఏడ్చాడు. ఎదురుగా ఉన్న మనిషికి ఇరవై ఏళ్ల చోటు పోతోంది. ఒక్కసారి కూడా 'నువ్వెలా ఉన్నావమ్మా' అని అడగలేదు.

సోమవారం ఆయన పది నిమిషాలు ముందే బయల్దేరాడు. కానీ రాత్రికి రాత్రి వీధి ఒళ్లు విరుచుకున్నట్టుంది, మలుపు దగ్గర చెత్తబండి కూడా అడ్డం పడింది. ఎనిమిదీ ముప్ఫై ఒకటి. పన్నెండో గీత గీసుకుని, బదిలీ కాగితం తనే రాసి మేనేజరు బల్ల మీద పెట్టాడు.

"వీధి పెరిగితే మీరేం చేస్తారు మేష్టారూ? వదిలెయ్యండి," అన్నాడు మేనేజరు.

"నియమంలో వీధుల ప్రస్తావన లేదండి," అన్నాడాయన.

పిడుల సెక్షనులో చప్పట్లతో స్వాగతం పలికారు. వెక్కిరింపే, కానీ మధ్యాహ్నానికి ఆగిపోయింది. మేష్టారు గొడుగు కాడకి స్క్రూడ్రైవరు మొన ఆనించి, దాని పిడి చెవికి పెట్టుకుని, లోపల స్ప్రింగు పడుతోందో లేదో వింటున్నాడు. పడనివాటిని పక్కన పెట్టి బాగుచేస్తున్నాడు. సాయంత్రానికి అవతలి బల్లవాళ్లు కూడా వాళ్ల గొడుగులు తెచ్చి, "మేష్టారూ, ఇది కాస్త వినండి," అనడం మొదలుపెట్టారు.

మర్నాడు ఆయన పద్దెనిమిదేళ్లలో మొదటిసారి సెలవు పెట్టి, ప్లగ్గక్కని వెంటబెట్టుకుని మున్సిపాలిటీ ఆఫీసుకెళ్లాడు.

"కొత్తగా పుట్టిన స్థలమా? మూడో కిటికీ," అన్నాడు మొదటి గుమాస్తా తలెత్తకుండా.

మూడో కిటికీ గుమాస్తా ఒక ఫారం ఇచ్చాడు. స్థలం పుట్టిన తేదీ, పొడవు, వెడల్పు, ఇంకా పెరిగే సూచనలు ఉన్నవా లేవా. మేష్టారు ముత్యాల్లాంటి అక్షరాలతో నింపాడు. సాక్షులుగా పెద్దావిడ, పోస్టుమాన్ ముందే సంతకాలు చేసిచ్చిన కాగితం దానికి జతచేశాడు. గుమాస్తా చదివి పెదవి విరిచాడు.

"ఒక్కరి పేరు మీద ఇవ్వం. రెండో పేరు కావాలి. ఆ మనిషికి కూడా పని తెలిసుండాలి."

"ఈయన పేరు రాసుకోండి," అంది ప్లగ్గక్క.

మేష్టారు ఉలిక్కిపడ్డాడు. "నాకేం పని తెలుసమ్మా?"

"ప్లగ్గు ఏ రంగులో ఉండాలి?"

"టీ రంగులో."

"పాలెక్కువ టీయా? డికాక్షనా?"

"రెంటికీ మధ్య."

"బ్రేకు పట్టేస్తోందని ఎలా తెలుస్తుంది?"

"స్టాండేసి చక్రం తిప్పి చూడాలి."

"చెయ్యి కుదురుగా ఉందండీ ఈయనకి," అంది గుమాస్తాతో. "ఇన్నేళ్లూ గీతలు గీసి పాడుచేసుకున్నాడు."

గుమాస్తా రెండో పేరు రాసుకున్నాడు. స్టాంపు పడింది. మేష్టారు ఆ కాగితం వంక చాలాసేపు చూశాడు. తర్వాత దాన్ని జాగ్రత్తగా మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

ఇంటికొచ్చి ఉద్యోగం మానేస్తున్నానని చెప్పాడు. భార్య చేస్తున్న పని ఆపి, "కొత్తపని ఎంత దూరం?" అని అడిగింది.

"ఇవాళ్టికి నడిచి పావుగంట."

"అయితే మధ్యాహ్నం భోజనానికి రండి. వచ్చేటప్పుడు కూరలు పట్టుకురండి."

నెల తిరక్కుండా ఎనిమిదికీ తొమ్మిదికీ మధ్య రేకుల షెడ్డు లేచింది. ప్లగ్గక్క ఇంజన్లు చూస్తే మేష్టారు బ్రేకులు, చెయిన్లు, క్లచ్చులు చూసేవాడు. వేలిగోళ్లలోకి గ్రీజు చేరింది. చేతి గడియారం ఎక్కడ పెట్టాడో ఆయనకే గుర్తులేదు.

ఒకరోజు ఇస్త్రీ చొక్కా వేసుకున్న ఒక పెద్దమనిషి చిన్న బండి మీద వచ్చి దిగాడు. మొహంలో కళ లేదు.

"బండికి లాగుడు ఎక్కువైందండీ," అన్నాడు. "రోజూ ఆఫీసుకి పావుగంట ముందే చేరిపోతున్నా. తలుపులు తియ్యరు. మెట్ల మీద కూర్చోవాల్సి వస్తోంది. బ్రేకులు సరిగ్గా పట్టడం లేదనుకుంటా."

ప్లగ్గక్క నవ్వు ఆపుకోలేక ఇంజనులోకి తల దూర్చేసింది.

"మీ వీధిలో పక్కిళ్లవాళ్లు బాగున్నారా?" అని మెల్లిగా అడిగాడు మేష్టారు.

"బాగున్నారు. ఈ మధ్య వాళ్ల కిటికీ మా వంటింట్లోకి తెరుచుకుంటోంది. వాళ్ల పాలు పొంగితే మా ఆవిడ పొయ్యి కట్టేస్తోంది. అవన్నీ సరే, ముందు బ్రేకుల సంగతి చూడండి."

రోగం బండిది కాదు, వీధిదేనని మేష్టారికి తెలిసిపోయింది, అయినా తొందరపడలేదు. స్టూలు తెచ్చి ఆయన్ని కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, బండికి స్టాండు వేశాడు. వెనక చక్రం చేత్తో తిప్పి, పక్కన గొంతుక్కూర్చుని, అది ఎన్ని చుట్లకి ఆగుతుందో ఓపిగ్గా లెక్కపెట్టసాగాడు.