నల్లుల పేజీకి ఎర్రచుక్క

నేను ఒక వెబ్ పేజీని. మొహం అలా పెట్టకండి. నాణేల ఆత్మకథలూ సైకిళ్ల ఆత్మకథలూ మీరు ఓపిగ్గా చదివే ఉంటారు. వాటికి చేతికి తగిలే ఒళ్లుంది, తుప్పు పట్టే భాగ్యముంది. నాకు ఆ వైభోగం లేదు. ఎవరైనా ఫోన్లో తెరిస్తే ఉంటాను, మూసేస్తే ఉండను. తెరిచి ఉన్నంతసేపు మాత్రం అవతలి మొహం చూస్తాను, మాటలు వింటాను. ఆ లెక్కన మనుషుల సంగతి నాకు తెలిసినంత నాణేలకు తెలియదు. పాపం, వాటి బతుకంతా జేబులో చీకట్లోనే గడిచిపోతుంది.

ఇంతకీ నేను దేని గురించిన పేజీనో చెప్పలేదు కదూ. నల్లుల గురించి. ఇదిగో, మీ చెయ్యి మెడ దగ్గరికి వెళ్లింది. సిగ్గుపడకండి, ఈ మాట వినగానే అందరూ గోక్కుంటారు.

నన్ను పుట్టించింది కొమురయ్య అవసరం. హైదరాబాదులో బోరబండ దగ్గర ఉంటాడు. మంచాలకూ పరుపులకూ ఆవిరి పట్టి నల్లుల్ని చంపడం అతని వ్యాపారం. వ్యాన్ మీద 'నల్లులకు యముడు' అని ఎర్ర అక్షరాలతో రాయించుకున్నాడు. ఆ అక్షరాలు చూసే ఎవరూ వ్యాన్‌ను తమ ఇంటి ముందు ఆపనిచ్చేవారు కాదని అతనికి తట్టలేదు. బేరాలు తగ్గేసరికి అమీర్‌పేటలో ఒక కంటెంట్ ఆఫీసుకు వెళ్లాడు. కంటెంట్ అంటే భయపడకండి. పచ్చళ్లకూ, ప్లాట్లకూ, పైల్స్ ఆసుపత్రులకూ ఒకే చేత్తో రాతలు రాసిపెట్టడం.

ఆ ఆఫీసు ఫణీంద్రది. అతను దేవుణ్ణి నమ్ముతాడో లేదో నాకు తెలియదు కానీ చుక్కను నమ్ముతాడు. అతను రాతలు రాసుకునే సాఫ్ట్‌వేర్‌లో తెర మూలన ఒక చుక్క ఉంటుంది. జనం వెతికే మాట రాతలో తగినన్నిసార్లు పడితే అది ఎర్రరంగు వదిలి పచ్చబడుతుంది. అసలు ఆలోచనలో తప్పేమీ లేదు. జనం ఏ మాటతో వెతుకుతారో ఆ మాట రాతలో లేకపోతే నాలాంటిదాన్ని ఎవరు పట్టుకుంటారు? కానీ కూరకు ఉప్పు కావాలన్నారని ఉప్పుతోనే కూర వండాడు మా ఫణీంద్ర. నా మొదటి రూపం ఇలా ఉండేది:

'హైదరాబాద్‌లో బెస్ట్ నల్లుల నివారణ సేవలు కావాలా? హైదరాబాద్‌లో బెస్ట్ నల్లుల నివారణ సేవలు అందించేది మేమే. ఎందుకంటే హైదరాబాద్‌లో బెస్ట్ నల్లుల నివారణ సేవలు అంటేనే మేము.'

చుక్క పచ్చగా వెలిగింది. ఫణీంద్ర టీ తెప్పించుకున్నాడు. దారి తప్పి నా దగ్గరికి వచ్చినవాళ్లు మాత్రం రెండో వాక్యం దగ్గరే వెనక్కి తిరిగేవారు. తలుపు తీయగానే దుర్వాసన తగిలినవాళ్ల మొహాలు చూశారా? సరిగ్గా అలాంటి మొహాలే రోజూ నాకు ఎదురయ్యేవి. నాకూ అభిమానం ఉంటుంది కదండీ, చాలా కష్టంగా ఉండేది.

కొమురయ్య ఫోన్ మోగలేదు. లోన్ కావాలా అని అడిగేవాళ్లు తప్ప ఇంకెవరూ పిలవలేదు. ఒకరోజు అతను తన ఫోన్లో నన్ను తెరిచి పట్టుకుని నేరుగా ఆఫీసుకొచ్చాడు.

"ఏంది సార్ ఇది? ఒక్కటే మాట మల్ల మల్ల మల్ల. పైసలిచ్చినోన్ని, నేనే సగం జదివి బంద్ జేసిన. గీ రాతకన్న నల్లులే నయం సార్, కుట్టి ఊకుంటయ్. ఈ నెల ఆఖరుదాక జూస్త. ఫోన్ మోగకపోతే వేరేటోళ్లకిస్త."

ఫణీంద్ర నన్ను తీసుకెళ్లి హైమవతి నెత్తిన పెట్టాడు. పాలకొల్లు నుంచి కొత్తగా వచ్చిన పిల్ల, ఎం.ఏ. తెలుగు. "ఈ పేజీ నిలబడితే ఉద్యోగంలో నువ్వూ నిలబడతావ్. లేకపోతే ఒకటో తారీఖు నుంచి రానక్కర్లేదు," అన్నాడు. నా బాగోగులూ ఆ పిల్ల బువ్వా అలా ఒకే ముడిలో పడ్డాయి.

ఆమె మొదట ఏం చేసిందో చెబితే నవ్వుతారు. చదివిన చదువంతా నా మీద కుమ్మరించింది. నల్లి అనే మాట మరీ మోటుగా ఉందని 'మత్కుణము' అని రాసింది. 'శయ్యాగత మత్కుణముల బాధ వర్ణనాతీతము' అని మొదలుపెట్టి నిజంగానే వర్ణించకుండా వదిలేసింది. ఫణీంద్రదేమో ఒకే మాట పదిసార్లు చెప్పే చిలక రాత, ఈ పిల్లది ఒక్క మాటా అర్థం కాని శాసనం. ఆ అవతారంలో నన్ను ఆసాంతం చదివినవాడు ఒక్కడే, రిటైరైన పెద్దాయన. ఆయన వచ్చింది కూడా పదకేళి గళ్లు నింపుకోవడానికి.

ఈలోగా నేనొకటి గమనించాను. నన్ను రాస్తూ రాస్తూ హైమవతి గోక్కునేది. మండే ఎండలో కూడా నిండు చేతుల చొక్కా వేసుకునేది. ఎస్.ఆర్. నగర్‌లో బాలామణి అనే గుంటూరావిడ నడిపే లేడీస్ హాస్టల్లో, మూడో అంతస్తులో ఉంటుందా పిల్ల. ఒక సెలవు రోజు పొద్దున తన మంచం మీద కూర్చుని ఫోన్లో ఇలా వెతికింది: 'హాస్టల్లో నల్లులు ఎవరికీ తెలియకుండా పోవాలంటే'.

వచ్చిన పేజీలన్నీ తెరిచింది, మూసింది. వేలు నొప్పెట్టేదాకా కిందికి జరుపుతూ పోయి, అట్టడుగున పడి ఉన్న నన్ను పట్టుకుంది. తాను రాసిన పేజీ అని చూసుకోలేదు. ఆశగా చదవడం మొదలుపెట్టింది. 'మత్కుణముల' దగ్గర ఆగిపోయింది. నాకైతే సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. దాహమని వచ్చిన పిల్లకు ఖాళీ గ్లాసు చేతికిచ్చినట్టయింది.

"ఛీ, నా మొహం. ఏం రాశాన్రా బాబూ ఇది," అంది పైకే.

మర్నాడు ఆఫీసులో నన్ను మొదటి అక్షరం నుంచి తుడిచేసింది. శీర్షికగా ముందురోజు తాను వెతికిన మాటలే పెట్టింది. తర్వాత ఇలా రాసింది:

'ముందు ఒక మాట. నల్లులు రావడం మీ తప్పు కాదు. మీరు శుభ్రంగా లేరనీ కాదు. ఎవరి పెట్టెలోనో వస్తాయి, పాత మంచంలో వస్తాయి. మంచం కోళ్ల కింద పెరుగు డబ్బాలు పెట్టి నీళ్లు పోసే ఉంటారు. మేమూ పోశాం. మంచం గోడకు ఆనుకుని ఉంటే అవి గోడ మీంచి వస్తాయి. పరుపు ఎండలో వేసే ఉంటారు. కుట్లలో దాక్కున్న గుడ్లకు పైపై ఎండ చాలదు. గది మారదామనుకుంటున్నారా? మీ పెట్టెతో పాటు అవీ మారతాయి. అన్నిటికన్నా కష్టమైన సంగతి, వీటిని రహస్యంగా పోగొట్టడం కుదరదు. పక్క గదిలో ఉంటే మళ్లీ వస్తాయి. అందుకని ముందు ఎవరికైనా చెప్పండి.'

ఆవిరి ఎందుకు పట్టాలో, హైదరాబాదులో ఎవర్ని పిలవాలో ఆ తర్వాత, చెప్పాల్సిన చోట చెప్పింది. నాకు మొదటిసారి మనిషి గొంతు వచ్చింది. చుక్క మాత్రం ఎర్రబడింది.

ఫణీంద్ర దాన్ని చూసి కుర్చీలోంచి లేచాడు. "'బెస్ట్' ఏది? 'సేవలు' ఏవి? మధ్యలో ఈ పెరుగు డబ్బాలేంటి, మనదేమైనా డెయిరీయా?"

"ఊరి పేరుందండి, నల్లులన్న మాటుందండి. ఎక్కడ కావాలో అక్కడే ఉన్నాయండి. ఇంకోసారంటే చదివేవాళ్లు పారిపోతారండి. నేనే పారిపోయానండి," అంది హైమవతి.

"ఎర్రచుక్కతో వదులుతున్నా. నాకేం సంబంధం లేదు," అన్నాడతను. పోయేది ఎలాగూ ఆ పిల్ల ఉద్యోగమే కదా అని అతని ధైర్యం.

జనం ఒక్కొక్కరే రాసాగారు. నల్లుల నివారణ సేవలు అని ఏ మానవమాత్రుడూ వెతకడని నాకు అప్పుడు తెలిసింది. 'డబ్బాల్లో నీళ్లు పోసినా నల్లులు ఎక్కుతున్నాయి' అని వెతుకుతారు. 'చుట్టాలొస్తున్నారు నల్లులు ఏం చెయ్యాలి' అని వెతుకుతారు. వాళ్లు మామూలుగా అనుకునే మాటలే నాలో ఉన్నాయి కాబట్టి తిన్నగా నా దగ్గరికే వచ్చేవారు. 'మీ తప్పు కాదు' దగ్గర కాసేపు ఆగేవారు. గేటు దగ్గర ఫౌంటెన్ ఉన్న అపార్టుమెంట్ల నుంచి కూడా వచ్చారు. పెరుగు డబ్బాల దగ్గర మాత్రం అందరూ తలుపు వైపు చూసి నవ్వుకునేవారు. ఊరంతా పక్కవాళ్లకు తెలియకుండా ఇదే పని చేస్తోందన్నమాట.

కొమురయ్య ఫోన్ మోగింది. మోగుతూనే ఉంది. ఎత్తిన ప్రతి ఫోన్లోనూ 'మా ఇంట్లో కాదండీ, ఒక ఫ్రెండ్ ఇంట్లో' అనే మొదలు.

"ఈ పట్నంల నల్లులన్ని ఫ్రెండ్ల ఇండ్లల్లనే ఉన్నయ్," అని నాతోనే అన్నాడు కొమురయ్య. నేనంటే అతనికి మురిపెం కలిగింది. పనిలో ఉన్నా నన్ను తెరిచి చొక్కా జేబులో పెట్టుకునేవాడు.

అంతా బాగుందనుకుంటుండగా ఒక సాయంత్రం బాలామణి నన్ను తెరిచింది. ఆవిడ సంగతి హైమవతి ఆఫీసులో ఎవరితోనో ఫోన్లో చెబుతుంటే విన్నాను. అంతకుముందు ఒకమ్మాయి నల్లులున్నాయని నోరు తెరిస్తే, నువ్వే తెచ్చావని సామానుతో సహా గేటు బయటికి పంపిందట. హైమవతి నిండు చేతుల చొక్కాలు వేసుకోవడం అందుకే. ఈ ఊళ్లో ఆ పిల్లకు ఆ మంచం తప్ప తలదాచుకునే చోటు లేదు. బాలామణి నన్ను ఆసాంతం చదివింది. పెరుగు డబ్బాల దగ్గరికి వెనక్కి వచ్చింది. 'మేమూ పోశాం' మీద వేలు పెట్టింది. ఆ హాస్టల్లో ఇలాంటి రాతలు రాసే ఉద్యోగం హైమవతి ఒక్కదానిదే. నన్ను అలాగే చేతిలో పట్టుకుని మెట్లెక్కింది.

గదిలో హైమవతి మంచం కిందికి వంగి చూసిందావిడ. నాలుగు కోళ్లకీ నాలుగు పెరుగు డబ్బాలు. నాలో ఎక్కడా రాసినవాళ్ల పేరుండదు. నాకేం తెలియదాంటీ అంటే సరిపోయేది. అనెయ్యవే తల్లీ, అని నేను లోపల్లోపల మొత్తుకున్నాను.

"ఏమ్మాయ్, ఇది రాసింది నువ్వేగా?"

హైమవతి నా వైపు చూసింది, డబ్బాల వైపు చూసింది. "నేనేనండి," అంది. "చెప్పమని ఊరందరికీ రాసి నేను దాస్తే ఏం బావుంటుందండి. మూడో అంతస్తంతా ఉన్నాయండి."

"మా హాస్టల్ పేరేవన్నా రాశావా?"

"లేదండి."

బాలామణి మంచం మీద కూలబడి, వెంటనే ఏదో గుర్తొచ్చి లేచి నిలబడింది. తర్వాత గొంతు తగ్గించింది.

"మజ్జాన్నం నించీ ఈ నంబరుకు చేస్తన్నా, ఎప్పుడు చూసినా బిజీ అంటంది. నువ్వు చెబితే వస్తాడా అతను? నా మంచం కిందా ఉన్నయ్‌లే నాలుగు డబ్బాలు."

కొమురయ్య వచ్చాడు. వ్యాన్ మీది యముణ్ణి దుప్పటితో కప్పాలని ఆవిడ షరతు. పెద్ద పోరాటం తర్వాత అతను ఒప్పుకున్నాడు. ఆవిరి యంత్రాన్ని చూసి ఇదేంటాంటీ అని అమ్మాయిలడిగితే, టిఫిన్లకు కొత్త ఇడ్లీపాత్ర అని చెప్పిందావిడ. అతను పని ముగించి దిగేసరికి పిల్లలు ప్లేట్లు పట్టుకుని నిలబడి ఉన్నారు. అతని జేబులోంచి అంతా విన్నాను. నవ్వడానికి నోరు లేనందుకు అంత బాధ ఎన్నడూ పడలేదు.

హైమవతి ఉద్యోగం నిలిచింది. ఫణీంద్ర ఒకసారి తట్టుకోలేక నాలో నాలుగు చోట్ల 'బెస్ట్' ఇరికించి చుక్కను పచ్చగా చేసుకున్నాడు. ఆ పూటే కొమురయ్య ఫోన్ చేసి "ఎవలు ముట్టిన్రు నా పేజీని?" అని అరిచేసరికి వాటిని ఏరేశాడు. ఇప్పుడు కొత్తగా చేరినవాళ్లకు నన్ను చూపించి, సహజంగా రాయడం ఎలాగో తానే నేర్పుతున్నాడు. బాలామణి నన్ను పక్కవీధి హాస్టలావిడకు పంపింది. 'మా దగ్గర లేవు. మీకేమన్నా పనికొస్తదని' అని పైన ఒక ముక్క చేర్చింది.

మొన్న ఆదివారం మధ్యాహ్నం హైమవతి నన్ను ఊరికే తెరిచింది. పొట్టి చేతుల చొక్కా వేసుకుంది. డబ్బాలు డాబా మీదికి పోయాయి, వాటిలో పుదీనా వేశారట. మంచం మీద వెల్లకిలా పడుకుని, తన రాతను తానే తప్పులు వెతుకుతూ చదవసాగింది. సగంలో కళ్లు మూతపడ్డాయి. ఫోన్ జారి దిండు పక్కన పడింది. తెర ఆరిపోయేదాకా ఆ మొహాన్నే చూస్తూ ఉన్నాను. చెయ్యి ఒక్కసారి కూడా మెడ దగ్గరికి పోలేదు.

చదువుతూ చదువుతూ పాఠకుడు నిద్రపోతే ఆ రాతకు అవమానం అంటారు. నాకు మాత్రం ఇంతకన్నా పెద్ద మెప్పు ఇంకెవరూ ఇవ్వలేరు.