బీరువా మీద పిల్లి

ఎడమ చెయ్యి పట్టుకోవాలి, కుడి చెయ్యి లాగాలి. కబుర్లక్క కుర్చీ చేతికి రబ్బరు పట్టీ చుట్టి, మడత దోపి, లాగింది. కుడి చెయ్యి లాగగానే ఎడమ చెయ్యి కూడా తననే పిలిచారనుకున్నట్టు వేళ్ళు విప్పేసింది. పట్టీ కింద పడింది.

"నిన్నెవరు రమ్మన్నారే?" అని ఎడమ చేతిని తిట్టింది.

రక్తపరీక్షల గది తలుపులు జనానికి ఇంకా తెరవలేదు. కొన్నాళ్ళుగా ఆమె అందరికంటే ముందొచ్చి, కుర్చీ చేతినే రక్తం తియ్యాల్సిన మనిషి చెయ్యి అనుకుని కట్టి విప్పుతోంది. తన చేతులు రెండూ వేరు వేరు పనులు చేస్తాయన్న సంగతే ఇదివరకు ఆమెకు పట్టలేదు. ఇప్పుడు దేని పని దానికి చెప్పాల్సి వస్తోంది.

నరాల డాక్టరు పరీక్షించి చెప్పాడు. "జబ్బేం కాదమ్మా, వయసు. ఇదివరకు మీ మెదడు చూడకుండా చేసిన పనిని ఇప్పుడు చూసి చేస్తోంది. పని చేసేటప్పుడు మాట్లాడకండి, సరిపోతుంది."

సరిపోతుందట! మాట్లాడకుండా గుచ్చడానికి తనే ఎందుకు? కబుర్లక్క అన్న పేరు ఊరికే వచ్చిందా? బీరువా ఎక్కిన పిల్లి కథ మొదలుపెడితే, పిల్లలు "తర్వాత?" అనేలోపు సూది దిగి, రక్తం నిండి, దూది అంటుకునేది.

తలుపులు తెరవగానే ఒక తండ్రి కూతుర్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. పిల్ల పిడికిలి విప్పలేదు.

"పిల్లి కథ చెప్తేనే," అంది. ఆ పిల్ల ఈ గదికి పాత చుట్టమే.

"ఒక పిల్లి బీరువా ఎక్కిందంట," అంది కబుర్లక్క. చెయ్యి ఆగింది. మాట ఆపింది. చెయ్యి కదిలింది.

"ఎందుకెక్కింది?"

"పైన..." అంటుండగా ఎడమ బొటనవేలు జారింది. సూది నరం పక్కకు పోయింది. చర్మం కింద నీలంగా ఉబ్బింది. పిల్ల కేకకు బయట వరసలో ఉన్నవాళ్ళు తొంగిచూశారు.

"పిల్ల చెయ్యనుకున్నావా, దిండనుకున్నావా?" అని తండ్రి లేచాడు.

"లే అక్కా, నేను చూస్తా," అంది పక్క కుర్చీ అమ్మాయి. మొదట్లో ఈ అమ్మాయి నీళ్ళసీసా రబ్బరు మూతకే సూది గుచ్చలేక ఏడిస్తే, కబుర్లక్కే చెయ్యి పట్టి నేర్పింది. ఆ అమ్మాయి పిల్ల ముందు ఫోన్లో బొమ్మలు పెట్టింది. రెండో చేతికి గుచ్చింది. అయిపోయింది. ఒక్క మాటైనా లేదు! కబుర్లక్కకు ఒళ్ళు మండింది.

గది బాధ్యత చూసే సారు వచ్చాడు. "రేపట్నుంచి కిటికీ దగ్గర కూర్చుని చీటీలివ్వండమ్మా. హాయిగా ఉంటుంది."

ఆమె పిల్ల లేచిపోయిన కుర్చీ వైపు తిరిగింది. కుర్చీ చేతికి పట్టీ చుట్టింది. ఎడమ చెయ్యి పట్టుకుంది. కుడి చెయ్యి లాగింది. ముడి బిగిసింది. ఆమె ఒప్పుకుందనుకున్నాడు సారు.

"చీటీలకు నేనెందుకు సార్? ఒక రాయి పెట్టుకోండి. గాలికి ఎగిరిపోవు," అంది కబుర్లక్క. సంచి తీసుకుని బయటికి నడిచింది.

వరండాలో పిల్ల మోచెయ్యి మడిచి దూది అదుముకుని ఉంది. కోపంగానే అడిగింది. "తర్వాత?"

కబుర్లక్క ఆగింది. తర్వాత ఏమిటో ఆమెకూ తెలియదు. అంతదాకా ఏ పిల్లకూ చెప్పాల్సిన అవసరం రాలేదు. సంచి కింద పెట్టింది. చేతులు రెండూ ఖాళీ అయ్యాయి.

"దిగడం మర్చిపోయింది."

"పిల్లులు మర్చిపోవు!"

"ఇది మర్చిపోయింది. ఏం చెయ్యమంటావ్?"

"ఎవరూ దింపలేదా?"

"దింపుతామని వచ్చారు. గీరింది."

పిల్ల ఆలోచించింది. "గట్టిగా గీరిందా?"

"రక్తం వచ్చేలా."

"మంచి పని చేసింది," అంది పిల్ల.

కబుర్లక్క సంచి అందుకుని మెట్లు దిగింది. మళ్ళీ ఆ గదికి రాలేదు.

లోపల ఆమె కుర్చీ ఖాళీగా ఉంది. దాని చేతికి రబ్బరు పట్టీ బిగిసి ఉంది. కొస పట్టుకుని లాగితే ఊడిపోయే ముడే అది. సాయంత్రం దీపాలార్పేదాకా ఎవరూ లాగలేదు.