వానకాలువ గట్టు మీద

1960లో దీవి మీదికి కరోల్ తుపాను వచ్చినప్పుడు వీధి చివరి సరుగుడు చెట్టొకటి వేళ్లతో సహా లేచి పోలమ్మ ఇంటి రేకుల కప్పు మీద పడింది. దాని కిందే ఆమె భర్త మల్లయ్య ప్రాణం పోయింది.

ఆ తర్వాత ప్రభుత్వం మహేబోర్గ్ శివార్లలో సిమెంటు ఇళ్లు కట్టించి ఇచ్చింది. పోలమ్మకి ఆ కాలనీ నచ్చింది. చెరుకుతోట నరికి చదును చేసిన నేల. ఎటు చూసినా ఒక్క చెట్టు లేదు. తల మీద పడేదేమీ లేదని ఆమెకి ఊరట.

కానీ వాన పడితే చాలు, మిట్ట మీది ఎర్రనీళ్లు నేరుగా ఇళ్లలోకి దిగేవి. పక్కింటి జోసెలిన్ చంటిబిడ్డను బల్ల మీద పడుకోబెట్టి, చేటతో బురద ఎత్తిపోసేది.

పోలమ్మ మరిది నరసింహులు సాయంత్రాలు గుడిలో పిల్లలకు తెలుగు చెప్పేవాడు. గ్రామ మండలిలో సభ్యుడు కూడా. సిమెంటు కాలువ ఇప్పట్లో రాదని తేలాక అతనొక ఉపాయం చెప్పాడు. వీధి వెంట సముద్రం దాకా వెడల్పుగా, లోతు తక్కువగా ఓ కాలువ తవ్వి, గట్ల మీద ఈ దీవిలో పుట్టిన చెట్లే నాటాలన్నాడు. మన మొగలికి చుట్టమైన వకోవా, కొండ అడవిలో పెరిగే నాట్ చెట్లు.

మండలి సరేనంది. పోలమ్మ మాత్రం ఒప్పుకోలేదు. కాలువ హద్దుగా తన గుమ్మం ముందు నాటిన మొక్కల్ని పట్టపగలు, అందరూ చూస్తుండగా పీకి పారేసింది.

"బొందియే! ఏం పనే ఇది పోలమ్మా?" అని జోసెలిన్ దేవుణ్ణి తలుచుకుని అరిచింది.

నరసింహులు కోప్పడలేదు. మొక్కల్ని ఏరి తడిగోనెలో చుట్టి, "ఆదివారం నాతో కొండ మీది నువెల్ ఫ్రాన్స్ దాకా రా వదినా," అన్నాడు.

బస్సు దిగి పొగమంచులో నడిచారు. దారికి ఇవతల, పైదేశాల నుంచి తెచ్చి నాటిన యూకలిప్టస్‌లు కరోల్‌కి ఎక్కడ కూలినవి అక్కడే పడి ఉన్నాయి. అవతల పాత అడవి నిలబడి ఉంది. కొమ్మలు విరిగిన చోట్ల కొత్త చిగుళ్లు వేసింది.

పోలమ్మ ఓ నాట్ చెట్టు మొదలు మీద చెయ్యి వేసింది.

"మన వీధిలో ఆ సరుగుడు బదులు ఇది ఉంటే మీ అన్న బతికేవాడా?"

నరసింహులు తల వంచుకున్నాడు. "ఏమో వదినా. ఆ సిక్లోన్‌లో ఏ చెట్టు నిలిచేదో నేనెలా చెప్పను?"

అతను అబద్ధమాడనందుకే ఆమెకి ఏడుపొచ్చింది. తిరుగు బస్సులో ఊరు దగ్గర పడ్డాక అంది: "ఇళ్ల ముందు వకోవా, పొట్టి పొదలు పెట్టండి. పొడుగు చెట్లు సముద్రం వైపు పెట్టండి. ఎవరి కప్పు మీదా పడకూడదు."

"మరి ఇళ్లకి నీడ?"

"నీడ లేకపోయినా బతుకుతాం మరిదీ."

మండలి ముందు కూడా ఆమె అదే మాట దీవి వాడుకభాష క్రియోల్‌లో చెప్పింది. కరోల్‌ను చూసినవాళ్లెవరూ ఎదురు చెప్పలేదు.

కాలనీ అంతా పలుగులు పట్టింది. ఆ ఏడు మొదటి పెద్దవానకి నీళ్లు గుమ్మాలు వదిలి కాలువలోకి మళ్లాయి. అందులో మొలిచిన గడ్డిలో నెమ్మదించి సముద్రం దారి పట్టాయి. మూలమీది ఇల్లు మాత్రం తడిసింది. మర్నాడే అక్కడ గట్టు ఎత్తు చేశారు. జోసెలిన్ బల్ల మళ్లీ భోజనాల బల్ల అయింది.

కొన్నేళ్లకు, ఆ దీవి స్వతంత్ర దేశం కావడానికి ముందటి ఏడాది, మళ్లీ తుపాను వచ్చింది. పోలమ్మ తలుపుకి వీపు ఆనించి కూర్చుని గాలిని వింటూ గడిపింది. హోరు తగ్గాక బయటికి వచ్చింది. వకోవా ఆకులు చీలికలై వేలాడుతున్నాయి. సముద్రం వైపు నాట్ చెట్లు, ఇంకా ఆమె భుజం ఎత్తైనా లేనివి, ఆకు లేకుండా నిలబడ్డాయి. ఒకటి మాత్రం పక్కకి ఒరిగింది.

ఆమె పార తెచ్చి దాని మొదట్లో మన్ను వేయసాగింది.

"గాలి ఇంకా పోలేదు, లోపలికి రా!" జోసెలిన్ గుమ్మంలోంచి కేకేసింది.

"వస్తా," అంది పోలమ్మ, మొక్కను ఒక చేత్తో నిలబెట్టి మట్టిని మడమతో తొక్కుతూ. "నువ్వో కర్ర తీసుకురా, ఊతం కడదాం."