బల్ల మీద ఇంకో చెంచా

మా తాక్ ప్రొఫెసర్‌గారికి నాలుగు వందల పన్నెండు మంది సహరచయితలు. ఆయన పెళ్ళికి కూడా అంతమంది వచ్చి ఉండరు. కొరియాలో, తేజోన్ నగరంలోని మా కంప్యూటర్ ల్యాబుకి ఎవరైనా వచ్చి, కాఫీ తాగి, "బాగుంది" అని తలూపితే చాలు, తర్వాతి పరిశోధన పేపర్ మీద వాళ్ళ పేరు ఉండాల్సిందే. "వడ్డించిన బల్ల మీద ఇంకో చెంచా పెడితే పోయేదేముంది ప్యో?" అంటారాయన నాతో. ఆ ప్యోని నేనే. పేర్లు టైపు చేసేదాన్నీ నేనే కాబట్టి, పోయేవి నా వేళ్ళే. పదకొండేళ్ళుగా ఆయన దగ్గర కాంట్రాక్టు మీద ఈ సేవ చేస్తున్నాను.

ఆ దానధర్మం ఊరికే పోలేదు. పేరు పెట్టించుకున్న ప్రతివాడూ తన పేపర్ చివర మా పేపర్‌ని ఉదహరించేవాడు. దాన్నే మా లోకంలో సైటేషన్ అంటారు. మనిషి గొప్పతనాన్ని వాటి లెక్కతోనే తూస్తారు. వానలో తీసిన వీడియోలో మనుషుల్ని గుర్తుపట్టే ప్రోగ్రాం మీద మేం అచ్చేసిన పేపరుకి అవి ఆరు వందల ముప్ఫై వచ్చాయి. నాకిది, నీకది అన్నమాట.

ఈ వసంతంలో మా యూనివర్సిటీ విశిష్టాచార్య పీఠం ఒకటి ప్రకటించింది. ఒకటే కుర్చీ, అందులో కూర్చున్నవాళ్ళకి రిటైర్మెంటు ఉండదు. ప్రొఫెసర్‌గారు దరఖాస్తు కంటే ముందే సూటు కుట్టించుకున్నారు. కుర్చీ తనకొస్తే నాకు పర్మనెంటు ఉద్యోగమని మాటిచ్చారు. అంతలో ఎంపిక కమిటీ ఓ కొత్త నిబంధన పెట్టింది. దరఖాస్తుదారుతో ఏనాడూ కలిసి పేపర్ రాయని బయటివాళ్ళ సైటేషన్లే లెక్కలోకి వస్తాయి. కనీసం ఒక పేపరుకైనా అవి పది ఉండాలి.

మూడు రోజులు కూర్చుని వడపోశాను. ఈ రంగంలో పనిచేసే కొరియావాళ్ళు దాదాపు అందరూ ఎప్పుడో ఒకప్పుడు మా బల్ల మీద చెంచా పెట్టినవాళ్ళే. తక్కిన పేపర్లన్నిటికీ సున్నా. వాన పేపరుకి మిగిలినవి పది.

"పదేనా?" అన్నారు ప్రొఫెసర్‌గారు.

"సరిగ్గా పది సార్. కావాల్సిందీ పదే."

"చూశావా! నిజమైన పనిని ఎవడూ తొక్కిపెట్టలేడు ప్యో," అంటూ జాబితా అందుకున్నారు. పదో పేరు దగ్గరికి వచ్చేసరికి ఆయన మొహం మాడిపోయింది. ఇన్ నారే.

ఆ వాన ప్రోగ్రాం రాసిందే నారే. అప్పుడు మా దగ్గర కొత్తగా చేరిన విద్యార్థిని, అదే తన మొదటి పేపరు. పేపర్లు అచ్చేసే పత్రికవాళ్ళ ఫారంలో పన్నెండు పేర్లే పడతాయి, మేం సరిగ్గా పన్నెండుగురం. పేపర్ పంపే ముందురోజు సాయంత్రం పంది మాంసం కాల్చుకుంటూ సోజు తాగుతుండగా డీన్‌గారు మా పనిని మెచ్చుకున్నారు. మెచ్చుకున్న పెద్దమనిషికి చెంచా వేయకుండా ఎలా? పదమూడుగురయ్యాం. ఇక అందరికంటే చిన్నవాళ్ళు లేవాలి, అది మా మర్యాద. "చిన్నపిల్ల, ముందు బోలెడు కాలం ఉంది," అన్నారు ప్రొఫెసర్‌గారు. మర్నాడు పొద్దున్నే ఆమె పేరు చెరిపింది ఈ చేతులే. నెల తిరక్కుండా నారే బూసాన్‌లో వేరే యూనివర్సిటీకి వెళ్ళిపోయింది. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదంటారు. వండినదాన్నే బంతిలోంచి లేపేస్తే ఏమంటారో నాకు తెలియదు.

బయటివాళ్ళు పదిమందీ 'ఆ పనిలో నా ప్రమేయం ఏనాడూ లేదు' అని సంతకం పెట్టి కమిటీకి పంపాలట. తొమ్మిది వచ్చేశాయి. నారే జవాబివ్వలేదు. దాంతో ప్రొఫెసర్‌గారు తనకి కానుకగా ఎర్ర జిన్సెంగ్ వేళ్ళ డబ్బా ఒకటి నా చేతిలో పెట్టి బూసాన్ రైలెక్కించారు.

నారే వాళ్ళ యూనివర్సిటీ క్యాంటీన్లో కలిసింది. "అక్కా, ఎంత చిక్కిపోయావు! ఆయన ఇంకా నీ చేత పేర్లు టైపు చేయిస్తున్నాడా?"

"ఆఁ. నాలుగు వందల పన్నెండయ్యాయి."

"ఏకంగా జనాభా లెక్కలు రాయించుకోవచ్చుగా!" అని నవ్వుతూ ఫారం అందుకుంది. చదివాక నవ్వు ఆగిపోయింది. "ఇదా అక్కా నేను ఒప్పుకోవాల్సింది?"

"ఊఁ."

"నా పేపర్ చివర ఆ పేపర్ పేరు రాస్తుంటే ఎలా ఉందో తెలుసా? కన్నబిడ్డని పక్కింటి పిల్ల అని చెప్పుకున్నట్టుంది. ఇప్పుడు దానికి సంతకం కూడానా?"

"పెట్టకపోతే ఆయన కుర్చీ పోతుంది. నా ఉద్యోగం కూడా," అన్నాను. ఎంత సిగ్గులేకుండా అన్నానో!

నారే ఫారాన్ని బల్ల మీద పరిచింది. తర్వాత పెన్ను తీసింది. "ఆయన కోసమైతే చచ్చినా పెట్టను. నీ కోసం పెడతాను. ఎక్కడ పెట్టమంటావు?"

అరిచి, పోట్లాడి ఉంటే ఆ సంతకం పట్టుకుని హాయిగా రైలెక్కేదాన్ని. అలా అడిగేసరికి సిగ్గుతో చచ్చిపోయాను. ఆమె చేతి కిందనుంచి ఫారం లాక్కున్నాను.

నా ల్యాప్‌టాప్‌లో ఆ వాన పేపర్ తాలూకు ఆరేళ్ళనాటి మొదటి ప్రతి ఉంది. రచయితల్లో రెండో పేరు నారేది. దాన్ని ఎందుకు దాచానంటే చెప్పలేను. పిరికివాళ్ళు కూడా కొన్ని దాచుకుంటారు. ఆ క్యాంటీన్ బల్ల మీదే పత్రిక సంపాదకుడికి ఉత్తరం రాశాం. ప్రోగ్రాం ఎవరు రాశారో, పేరు ఎవరు చెరిపారో, ఏ తేదీనో, అంతా. ఇద్దరం సంతకాలు పెట్టి, ఆ పాత ప్రతితో కలిపి పంపేశాం. జిన్సెంగ్ డబ్బా విప్పుకుని టీ కూడా కాచుకున్నాం.

స్టేషన్లో ఉండగా ఫోన్ మోగింది. "ప్యో! సంతకం దొరికిందా?"

"దొరికింది సార్."

"శభాష్! తొమ్మిదీ ఒకటీ పది!"

"తొమ్మిదే సార్. నారే సంతకం పెట్టింది పత్రికవాళ్ళకి రాసిన ఉత్తరం మీద, మొదటి ప్రతి కూడా పంపాం. తను ఇక బయటిమనిషి కాదు, మీ సహరచయిత. నాలుగు వందల పదమూడు."

"ప్యో! నా కుర్చీ!" అని అరిచారు ప్రొఫెసర్‌గారు.

"బల్ల మీద ఇంకో చెంచా సార్," అన్నాను. "పోయేదేముంది?"