పదహారు గీతల సీసా

రాయమల్లు మందు సీసాకు పదహారు గీతలు. కాంపౌండరు వెంకట్రాజం తెల్లకాగితాన్ని సన్నని పట్టీగా కత్తిరించి, అంచున సమానంగా గాట్లు పెట్టి, సీసా పొడుగునా అంటించి ఇచ్చాడు. పొద్దున ఒక గీత, సాయంత్రం ఒక గీత తాగాలి. ఆ లెక్కన ఎనిమిది రోజుల్లో ఖాళీ కావలసిన సీసా యాభై రోజులు దాటినా మెడదాకా నిండుగానే ఉంది. తమ్ముడు మందు తెచ్చి పోస్తున్నాడనుకున్నాడు రాయమల్లు. తమ్ముడు పోస్తున్న మాట నిజమే.

తమ్ముడు సారంగపాణి మట్టెవాడ దగ్గరి హైస్కూల్లో లెక్కల సారు. తండ్రి పోయేనాటికి అతనికి ఆరేళ్ళు, అన్నకు పద్దెనిమిది. రాయమల్లు లారీకి క్లీనరుగా ఎక్కి, నాలుగేళ్ళకు స్టీరింగు పట్టి, ఆ స్టీరింగు మీదే తమ్ముణ్ణి బి.యెడ్. దాకా చదివించాడు. పిల్లలు లేరు. "మాకు వీడే పిల్లగాడు, జర పెద్దగ పుట్టిండు, అంతే" అనేవాడు నలుగురిలో.

ఎనభై ఒకటి చలికాలంలో నర్సంపేట నుంచి పత్తి లోడుతో వస్తుంటే లారీ బోల్తా పడి రాయమల్లు తుంటి విరిగింది. తమ్ముడి పెళ్ళి మాట కూడా అక్కడే ఆగిపోయింది. దవాఖానలో ఉన్నన్నాళ్ళూ నొప్పికి సూదులు వేశారు. ఇంటికొచ్చాక సూదులు లేవు, నొప్పి ఉంది. లారీ అడ్డా దోస్తు ఒకడు మిరియపు గింజంత నల్లమందు తెచ్చి, నాలుక కింద పెట్టుకొమ్మన్నాడు. నాలుగేళ్ళు తిరిగేసరికి మిరియపు గింజ కుంకుడు గింజంత అయింది. మనిషి సగమయ్యాడు.

హనుమకొండలో రాజేశ్వర్ రావు డాక్టరు రెండేళ్ళ కిందట సర్కారు కొలువు నుంచి రిటైరై, ఇంటి ముందు గదిలో రోగులను చూసేవాడు. సారంగపాణి అన్నను ఆయన దగ్గరికి తీసుకుపోయాడు. నల్లమందు ముద్ద మానిపించడానికి ఆయన ఇచ్చిన మందు కూడా నల్లమందుతో చేసిందే. కాకపోతే ఇది నీళ్ళమందు, దీనికి కొలత ఉంది, వేళ ఉంది. మూడు నెలలు అదే కొలతలో తాగించాడు. రాయమల్లు ముద్ద జోలికి పోలేదు. తిండి తిన్నాడు, నిద్రపోయాడు.

"తల్లిని ఎళ్ళగొట్టి బిడ్డను తెచ్చి ఇంట్ల పెట్టినవ్ రా సారూ" అని నవ్వేవాడు తమ్ముడితో. కోపమొచ్చినా ప్రేమొచ్చినా తమ్ముణ్ణి సారూ అనే పిలిచేవాడు.

ఇక ఆ బిడ్డను కూడా పంపించాలి. దసరా సెలవులు అయిపోయిన మరునాడు డాక్టరు సారంగపాణిని ఒక్కణ్ణే పిలిచి, తలుపు దగ్గరికి వేశాడు.

"ఇగ ఈ మందు తగ్గిద్దాం. తగ్గిస్తున్నట్టు మీ అన్నకు తెలియొద్దు. తెలిసిందంటే, తగ్గకముందే ఒళ్ళు నొప్పులు మొదలైతయి. ఒక గీత మందు తీసినవా, ఒక గీత నీళ్ళు పొయ్యి. నేలవేము వేసి కాచి చల్లార్చిన నీళ్ళు. చేదు తగ్గొద్దు, రంగు తగ్గొద్దు. ఎప్పుడు చూసినా సీసా నిండుగ ఉండాలె."

"వదినెకు?"

"ఎవ్వరికీ వద్దు. అంతా అయినంక నా దగ్గరికి తీసుకరా. నేనే చెప్త." డాక్టరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "ఇంకొక్క మాట. ఒళ్ళు మందును మరిచినంక పాత లెక్కన నల్లమందు వేసుకుంటే మనిషి దక్కడు. పాత ముద్దను ఆ ఒళ్ళు మొయ్యలేదు. ఇది యాదుంచుకో సారూ."

సారంగపాణి యాదుంచుకున్నాడు. అతను మరిచిపోయే మనిషి కాదు.

ఇంట్లో కిరోసిన్ స్టవ్ మీద నేలవేము తనే కాచేవాడు. అన్నకు మందు పోసి, అన్న వేపచెట్టు కింద కుర్చీలో కూర్చున్నాక, వంటింటి మూల నిలబడి సీసాలో ఒక గీత నీళ్ళు నింపేవాడు. పదహారు పాళ్ళలో పదిహేను మిగులుతాయి. అందులో మళ్ళీ పదహారో పాలు తీస్తే, మిగిలినదాంట్లో మళ్ళీ పదిహేను పాళ్ళు. ఐదారు రోజులకు సగం, మరో ఐదారు రోజులకు సగంలో సగం. ఖాళీ పిరియడ్‌లో స్టాఫ్ రూములో కూర్చొని ఆ హెచ్చవేత చేస్తూ పోతే ఒకటి కనిపించింది. ఎన్నిసార్లు తీసి ఎన్నిసార్లు పోసినా లెక్క సున్నాకు రాదు. ఎంతో కొంత ఉంటుంది.

అది అతనికి పెద్ద ఊరట అయింది. అబద్ధమాడడం అతనికి చేతకాదు.

"మందున్నదా తమ్మీ?" అని వదిన చిలుకమ్మ రోజూ అడిగేది.

"ఉన్నది వదినె."

రెండోవారంలో రాయమల్లుకు ఆవులింతలు మొదలయ్యాయి. ముక్కు కారింది. ఎండలో కూర్చున్నా చేతుల మీద రోమాలు నిక్కబొడుచుకునేవి. పిక్కలు పట్టేస్తే చిలుకమ్మ నువ్వుల నూనె వెచ్చచేసి రుద్దేది.

"సలి బెట్టింది" అనేవాడు రాయమల్లు.

"నాకు పెట్టలే, తమ్మికి పెట్టలే. సలి నిన్నొక్కన్నే ఎతుక్కుంట వచ్చిందా?" అనేది చిలుకమ్మ, కాళ్ళు రుద్దుతూనే.

"అందగాన్ని గద మరి."

మరీ కష్టంగా ఉంటే రెండు రోజులు నీళ్ళు పోయడం ఆపమన్నాడు డాక్టరు, మందు ఇంకా పలచబడకుండా. సారంగపాణి ఆపాడు. సీసా నాలుగు గీతలు దిగింది. ఒళ్ళు నొప్పులకు కూడా అంత గాబరా పడని రాయమల్లు ఆ నాలుగు గీతలు చూసి చిన్నపిల్లాడిలా అయిపోయాడు. "మందు ఒడుస్తాంది తమ్మీ, హనుమకొండకు ఎప్పుడు పోతానవ్?" అని పూటకు నాలుగుసార్లు అడిగాడు. మూడోరోజు పొద్దున సీసా మళ్ళీ మెడదాకా నిండి కనబడగానే, గుటక వేయకముందే ముఖం తేటపడింది. సారంగపాణి అది చూశాడు. చూసి, డాక్టరు ఎంత తెలివైనవాడో అనుకున్నాడే తప్ప ఇంకేమీ అనుకోలేదు.

నెల దాటింది. ఆవులింతలు పోయాయి. రాయమల్లు జొన్న రొట్టె మూడోది అడిగి పెట్టించుకున్నాడు. కర్ర పట్టుకొని వీధి చివరి దాకా నడిచి, అడ్డా నుంచి వచ్చిన లారీ హారను విని, "ఇది రాజమల్లు బండి. హారను గూడ వాని లెక్కనే ఒర్రుతది" అన్నాడు. నలభయ్యో రోజుకు సారంగపాణి లెక్క ప్రకారం సీసాలో మందు నూటడెబ్బై పాళ్ళలో ఒక పాలు. అయినా మరో రెండు వారాలు తీస్తూ పోస్తూనే ఉన్నాడు. డాక్టరు దగ్గరికి పోయాడు గాని తలుపుకు తాళం ఉంది. కూతురి కాన్పుకని పట్నం పోయాడనీ, వచ్చే గురువారం వస్తాడనీ వెంకట్రాజం చెప్పాడు.

ఆ ఆదివారం రాయమల్లు ఖిలా వరంగల్ పోదామన్నాడు. రిక్షా దిగి రాతి తోరణాల మధ్య మెల్లగా నడిచాడు. ఒంటి మీద ఎండ పడుతుంటే విరిగిన స్తంభం మీద కూర్చొని, భుజం మీది తువ్వాల మూట విప్పాడు. అందులో సీసా ఉంది.

"ఇదెందుకు తెచ్చినవన్నా? సాయంత్రానికల్ల ఇంటికే పోతాం గద."

"ఇంట్ల ఇడిచి రాబుద్ధి కాలే." రాయమల్లు సీసాను ఎండకెత్తి గీతలు చూసుకున్నాడు. "పీనుగను లేపి నిలబెట్టింది రా ఇది. సంక్రాంతి ఎల్లినంక లారీ ఎక్కుతా. సీటు పక్కన దీన్ని పెట్టుకుంట. ఇది ఉన్నన్నాళ్ళు నాకు ఫికర్ లేదు. నువ్వు మాత్రం దీన్ని ఒడవనియ్యకు."

సారంగపాణి ఆ సీసానే చూశాడు. అన్న పదిహేను దినాలు పిక్కలు పట్టేస్తే పళ్ళు బిగబట్టుకొని ఓర్చుకున్నాడు. ఆ ఓర్పంతా ఈ సీసా పద్దులోకి పోతోంది. బడిలో ఎవరైనా సొంతంగా లెక్క చేసి, పక్కవాణ్ణి చూసి చేశానని చెబితే అతను ఊరుకునేవాడు కాదు. వాడి నోట్‌బుక్ వాడికే చూపించేవాడు. పదేళ్ళ అలవాటు. నేనే చెప్త అన్న డాక్టరు మాట, గురువారం దాకా ఆగమన్నట్టు, లోపలెక్కడో వినిపించింది. అయినా నోరు తెరిచాడు.

"అన్నా, నువ్వు తాగేది ఒట్టి నీళ్ళు."

"ఏంది?"

"నెల దినాల సంది నీళ్ళే. రోజు తీసినంత నేనే పోస్తాన. నేలవేము కాచిన నీళ్ళు."

రాయమల్లు తమ్ముడి ముఖం చూశాడు. తమ్ముడు అబద్ధమాడడని అతనికంటే బాగా తెలిసినవాళ్ళు లేరు. తర్వాత పెద్దగా నవ్వాడు. తోరణం కింద మేస్తున్న మేక తలెత్తింది.

"నన్ను గూడ క్లాసుల కూసోబెడ్తివా సారూ?"

"కోపమొచ్చిందా అన్నా?"

"కోపమెందుకు? మంచి పనే చేసినవ్." లేచి తువ్వాల దులుపుకున్నాడు. "మీ వదినెకు ఎరుకేనా?"

"లేదు."

"చెప్పకు. నవ్వుతది."

రిక్షా దాకా ముందు తనే నడిచాడు, కర్ర లేకుండా. సీసా రాతి మీదే ఉండిపోయింది. సారంగపాణి వెనక్కి వెళ్ళి తెచ్చుకున్నాడు. అన్న మరిచిపోయాడనుకొని సంతోషించాడు. ఇక అవసరం లేదు గనకే మరిచిపోయాడనుకున్నాడు.

సాయంత్రం దీపాలు పెట్టేవేళ రాయమల్లు ఆవులించాడు. ఒకటి కాదు, వరుసగా. ముక్కు కారింది. చేతుల మీద రోమాలు లేచాయి. చిలుకమ్మ నూనె వెచ్చచేసి తెచ్చి, "మందు తాగలేదేంది?" అని సీసా, గ్లాసు తీసుకొచ్చింది.

"వద్దు."

"గీత పోసిన గద, తాగరాదు?"

"నీళ్ళు నాకెందుకే?"

ఆమెకు అర్థం కాలేదు. చిరాకులో ఏదో అంటున్నాడనుకుంది. సారంగపాణి అన్న మంచం మీద కూర్చున్నాడు. ఒంట్లో మందు లేదు, ఈ ఆవులింతలు ఉత్తవి, భయంలోంచి వచ్చినవి, రెండు రోజుల్లో పోతాయి అని చెప్పాలనుకున్నాడు. అన్న గోడవైపు తిరిగి పడుకున్నాడు. గురువారం డాక్టరు వస్తాడు, ఆయన మాటయితే వింటాడు అనుకొని లేచాడు.

సోమవారం రాయమల్లు మంచం దిగలేదు. మంగళవారం బడిలో అర్ధ సంవత్సర పరీక్షలు. సారంగపాణి తొమ్మిదో తరగతి గదిలో ప్రశ్నాపత్రాలు పంచుతుంటే లారీ అడ్డా నుంచి రాజమల్లు వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. చెప్పులు విప్పి నిలబడ్డాడు. ఆ చెప్పులు చూడగానే సారంగపాణికి తెలిసిపోయింది.

రాయమల్లు పొద్దున అడ్డాకు వచ్చాడట. అందరినీ పేరుపేరునా పలకరించాడట. ఛాయ తాగాడట. పాత దోస్తు దగ్గర కుంకుడు గింజంత ముద్ద తీసుకున్నాడు. ఎప్పటిలాగే నాలుక కింద పెట్టుకొని, నీడన ఉన్న లారీ సీటు మీద ఒరిగాడు. గురక వినిపించింది. నిద్రపోతున్నాడు, పోనీ అనుకున్నారు. గురక ఎప్పుడు ఆగిందో ఎవరూ చూడలేదు.

"ఎప్పటంతనే ఏసుకున్నడు సారూ. ఎక్కువ ఏసుకోలే. నా కండ్ల ముంగటనే" అన్నాడు రాజమల్లు, అదేదో తన తప్పు కాదని చెబుతున్నట్టు, అర్థం చేసుకొమ్మని అడుగుతున్నట్టు.

సారంగపాణి చేతిలోని మిగతా ప్రశ్నాపత్రాలు ముందు బెంచీ మీద పెట్టాడు. పాత ముద్దను ఆ ఒళ్ళు మొయ్యలేదు. ఆ మాట అతనికి యాదుంది. మొదటి రోజు నుంచీ యాదుంది. తోరణాల కింద కూర్చున్నప్పుడు కూడా యాదుంది. అన్నకు చెప్పవలసిన మాట అదేనని తట్టలేదు. సీసా గురించి చెప్పాడు, ఒంటి గురించి చెప్పలేదు. పిల్లలు లెక్కలో ఒక మెట్టు వదిలేసి జవాబు వేస్తే అతను ఎర్రసిరాతో సున్న చుట్టేవాడు.

పదకొండో రోజు అయ్యాక చుట్టాలు వెళ్ళిపోయారు. మరునాడు పొద్దున సారంగపాణి స్టవ్ వెలిగించి, గిన్నెలో నీళ్ళు పోసి, నేలవేము కట్ట అందుకున్నాడు. చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. స్టవ్ ఆర్పాడు.

చిలుకమ్మ గుమ్మంలో నిలబడి ఉంది.

"సీసల మందు నిండుగనే ఉన్నది గద తమ్మీ. ఇది తాగితే బతుకుతుండె గద ఆయన. ఎందుకు తాగకపాయె?"

సారంగపాణి ఆమెను కూర్చోమని, తనూ కింద కూర్చున్నాడు. దసరా సెలవులు అయిపోయిన మరునాడు డాక్టరు చెప్పింది మొదలు అంతా చెప్పాడు. గీతలు, నేలవేము, సగంలో సగం, ఖిలాలో తను అన్న మాట, అనని మాట. ఈసారి ఏ మెట్టూ వదల్లేదు. చిలుకమ్మ కొంగు అంచు మడుస్తూ, విప్పుతూ విన్నది.

"అయితే నెల దినాలు మందు లేకుంటనే ఉన్నడా మీ అన్న?"

"ఉన్నడు వదినె."

"తిన్నడు, పండుకున్నడు, ఖిలా దాక నడిచిండు. అంత మందు లేకుంటనేనా?"

"లేకుంటనే."

"ఆ మాట ఆయనకు చెప్తివా?"

సారంగపాణి తల వంచుకున్నాడు. "నీళ్ళు తాగుతానవని చెప్పిన. ఆ మాట చెప్పలే."

రెండూ ఒకటే మాట అని అతను ఆరోజు అనుకున్నాడు.

చిలుకమ్మ లేచి సీసా అందుకుంది. బిరడా తీసి, కాగితపు పట్టీ మీది గీతకు వేలు ఆనించి, ఒక్క గీత గ్లాసులో పోసింది. మొగుడికి పోసినట్టే, చుక్క ఎక్కువ కాకుండా చూసి పోసింది. సారంగపాణి వద్దనేలోపే తాగేసింది. ఆమె ముఖం ముడుచుకుంది. గ్లాసు కింద పెట్టి, కొంగుతో మూతి తుడుచుకుంది.

"ఒట్టి నీళ్ళన్నవు. చేదుగనే ఉన్నయి గద తమ్మీ" అంది.