ముగ్గురొస్తే ముగ్గురు దిగాలి

విశాఖపట్నం నుంచి వచ్చిన పిల్లకి ముందు వడ్డించారు. ఇంటికొచ్చిన వాళ్లు తిన్నాకే ఇంట్లో వాళ్లు కంచం ముందు కూర్చోవడం ఆ ఊరి పద్ధతి. లక్ష్మీనరసమ్మ కోడికూరలో మంచి ముక్కలన్నీ ఏరి విశాలి కంచంలో వేసింది. కూతురు శైలజ మంచినీళ్ల చెంబు పట్టుకుని పక్కనే నిలబడింది. తన ఇంటి మర్యాద చూసుకుని అప్పలసూరి పొంగిపోయాడు.

చదువుతున్న అయ్యలారా, అమ్మలారా, ఈ భోజనంలో తప్పేముంది అంటారు మీరు. ఉంది. వినండి.

కోటబొమ్మాళికి దగ్గరలోని ఆ ఊరికి ఆడపిల్లల ఫుట్‌బాల్ జట్టు ఉంది. రిటైరైన డ్రిల్లు మేస్టారు నరసింగరావు కోసిన వరి మడుల్లో పిల్లల్ని పరిగెత్తించి తయారుచేసిన జట్టది. ఏటా ఆమదాలవలసలో పదిహేనేళ్ల లోపు పిల్లలకి జరిగే టోర్నమెంటుకి వెళుతుంది. అక్కడి రూలు ప్రకారం జట్టుకి పదహారు పేర్లే ఇవ్వాలి. అందులో ముగ్గురి దాకా బయటి ఊరి వాళ్లు ఉండొచ్చు, వాళ్లని గెస్టు ప్లేయర్లంటారు. లిస్టులో పేరు లేని పిల్ల గ్రౌండు చుట్టూ కట్టిన తాడు దాటకూడదు.

రూలు పెట్టినవాళ్ల ఉద్దేశం మంచిదే. ఊళ్లో జ్వరాలొచ్చి పిల్లలు తగ్గితే జట్టు ఇంట్లో కూర్చోకూడదని పెట్టారు. కానీ మన చేతిలో పడ్డాక ఏ మంచి రూలు మంచిగా మిగిలింది? ఈ ఊళ్లో పదహారు మందీ నిక్షేపంలా ఉన్నారు. అయినా కప్పు కోసం విశాలితో కలిపి ముగ్గురు గెస్టుల్ని తెచ్చారు. తేవాల్సిందేనని పెద్దల మీటింగులో అందరికన్నా గట్టిగా అరిచినవాడు ఈ అప్పలసూరే.

"నువ్వు ఏ పొజిషనే?" ముక్క కొరుకుతూ శైలజని అడిగింది విశాలి.

"లెఫ్ట్ బ్యాక్."

"నేనూ అదే."

లక్ష్మీనరసమ్మ చేతిలో గరిట ఆగిపోయింది. శైలజ తండ్రి వంక చూసింది.

"ఇద్దరూ ఆడతార్లే," అన్నాడు అప్పలసూరి.

"లెఫ్ట్ బ్యాకు ఒకర్తే ఉంటాది నాన్నా."

అప్పలసూరి చెప్పులేసుకుని నరసింగరావు ఇంటికి నడిచాడు.

"మేస్టారూ, మా గుంట పేరు లిస్టులో ఉన్నాదా, నేదా?"

"ముగ్గురొస్తే ముగ్గురు దిగాలి కదయ్యా. ఆటో అనుకున్నావేటి, సర్దుకుని కూర్చోడానికి?"

"ఎవురో దిగుతారనుకున్నాను గానీ..."

"ఎవురో అంటే ఎవురు? పేరు సెప్పు."

అప్పలసూరి దగ్గర పేరు లేదు. మీటింగులో అరిచినప్పుడు అతని కంటికి గెస్టులే కనిపించారు, దిగిపోయే పిల్లలు కనిపించలేదు.

"పోయినేడు సూరయ్య కూతురు కుమారిని దించినాను," అన్నాడు నరసింగరావు. "అప్పుడు నువ్వేటన్నావు? ఊరి పరువు ముందర ఒక పిల్ల ఎంత మేస్టారూ అన్నావు. నువ్వు మరిసిపోనావు, నాను మరవనేదు."

అప్పలసూరి తల దించుకున్నాడు. మేస్టారు కాస్త మెత్తబడ్డాడు. "నీతో నాకు పేచీ ఎందుకు? శైలజని ఉంచీస్తాను. ఆ కుమారినే మళ్లీ దించుతాను. సూరయ్య అడగడులే."

నిజమే, సూరయ్య అడగడు. ఆమదాలవలస మిల్లులో బస్తాలు మోసే కలాసీ అతను. పెద్దల మీటింగుకి అతన్ని పిలిచే నాథుడు లేడు. అప్పలసూరి అవుననలేదు, కాదనలేదు. ఇంటికొచ్చేశాడు. నోరు మూసుకుని వచ్చినవాడు ఒప్పుకున్నట్టే లెక్క, మీకూ తెలుసు, నాకూ తెలుసు.

మర్నాడు పొద్దున్న అందరూ ఆమదాలవలస వెళ్లే ప్యాసింజరు ఎక్కారు. కుమారి బూట్లేసుకుని కిటికీ పక్కన కూర్చుంది. సూరయ్య కూతురి ఆట చూద్దామని పని మానుకుని వచ్చాడు. రైలు కదిలాక అప్పలసూరి దగ్గరకొచ్చి నిలబడ్డాడు.

"బాబూ, మా గుంటని దించీసారట గదా. ఇప్పుడే మేస్టారు సెప్పినారు."

అప్పలసూరి పక్కకి జరిగి చోటిచ్చాడు.

"పర్నేదులెండి. మాకలవాటే. మీ అమ్మాయి ఆడతాది, అదే సాలు."

ఆ మాటలో ఎకసెక్కం లేదు. ఉంటే అప్పలసూరి తిరిగి ఓ మాట అనేసి ఊరుకునేవాడు. లేకపోవడమే అతన్ని కుళ్లబొడిచింది. ఆ ఉక్రోషం ఎదురుగా కూర్చున్న విశాలి మీదికి పోయింది.

"మీ ఊర్లో జట్టు నేదేటమ్మా? మా ఊరు దాకా రావాలా?"

"ఉంది అంకుల్. దాన్లో నా ప్లేసులో భువనేశ్వర్ పిల్ల ఆడతాది, గెస్టు. అందుకే మా కోచ్ నన్ను ఊర్ల మీదకి తోలతాడు. ఈ నెల్లో మీది మూడో ఊరు."

"మరి ఆటలో ఈళ్ల పేర్లెలా తెలుస్తాయి నీకు?"

"నంబరెట్టి పిలుస్తాను. పేర్లు నేర్సుకునేసరికి ఊరు మారిపోద్ది," అని నవ్వేసింది విశాలి.

నవ్వు రావాల్సిన మాట కాదది. అప్పలసూరికి రాలేదు.

గ్రౌండులో నరసింగరావు లిస్టు ఇవ్వబోతుంటే అప్పలసూరి అడ్డంగా నిలబడ్డాడు. "గెస్టుల్ని తీసీండి మేస్టారూ. మన పిల్లలే ఆడతారు."

"నీకు మతి పోయిందేటి? తెమ్మన్నదీ నువ్వే, తీసీమన్నదీ నువ్వేనా?"

తక్కిన తండ్రులు మూగారు. "కప్పు మాట సూడు బావా," అన్నాడొకడు. "ఇంత దూరమొచ్చి ఇదేటి గోల," అన్నాడింకొకడు. దిగిపోయిన తక్కిన ఇద్దరి తండ్రులు రానేలేదు, వచ్చినవాళ్ల పిల్లల పేర్లు లిస్టులో ఉన్నాయి మరి. ఒక్కడూ అప్పలసూరి పక్కన నిలబడలేదు. పేర్లు రాసుకునే బల్ల దగ్గర కూర్చున్నాయన లిస్టు బేగి తెమ్మని కేకేశాడు.

"అయితే మా శైలజ పేరు కొట్టీండి," అన్నాడు అప్పలసూరి. "కుమారి పేరెట్టండి."

శైలజ వెనకే ఉంది.

"నన్నడిగినావా నాన్నా?"

మేస్టారు అప్పటికే శైలజ పేరు కొట్టేస్తున్నాడు.

"ఆళ్లని తెచ్చినప్పుడూ నన్నడగనేదు. నన్ను తీసినప్పుడూ అడగనేదు." ఆ పిల్ల తాడు బయటికొచ్చి, ఆటకి వీపు పెట్టి కూర్చుంది. సూరయ్య వచ్చి పక్కన కూర్చున్నా ఆట వైపు తిరగలేదు.

జట్టు గెలిచింది. మైకులో ఎవరో ఆ ఊరి ఆడపిల్లల పట్టుదలని తెగ మెచ్చుకున్నారు. కుమారికి చివర్లో కాసేపు ఆట దొరికింది. గెస్టులు ముగ్గురూ మెడల్స్ మెళ్లో వేసుకుని విశాఖ రైలెక్కేశారు.

ఊరికి వెళ్లే రైల్లో కప్పు చేతులు మారుతోంది. "వచ్చే ఏడు ఐదుగురు గెస్టులకి ఒప్పుకుంటారట. ఐదుగుర్నీ తెచ్చీద్దాం," అన్నాడు ఒకతను. అందరూ సై అన్నారు. అప్పలసూరి లేచి నిలబడ్డాడు.

"ఎవుర్ని దించుతారు? ఐదు పేర్లు ఇప్పుడే సెప్పండి. ఈ పెట్టెలోనే ఉన్నారు పిల్లలు, ఆళ్ల మొకం సూసి సెప్పండి."

కప్పు చేతులు మారడం ఆగింది.

"ఆ ఇశాలిని ఆళ్లూర్లో దించినారు. దించిన పిల్లని మనం తెచ్చి మన పిల్లల్ని దించినాము. రేపు మన పిల్లని ఇంకో ఊరోడు తీసుకెళ్లి ఇంకో పిల్లని దించుతాడు. ఇదేటి ఆట? రూలు ఒప్పుకున్నాదంటారు. కరువులో వాడుకోమన్న రూలుని కడుపు నిండినోళ్లం వాడుకున్నాము. రూలుకేటి తెలుస్తాది, మనకి తెలవాల."

"నీ కూతురు దిగిందని సెప్తన్నావు," అని మూల నుంచి ఒక గొంతు దెప్పింది.

"అవును, అందుకే సెప్తన్నాను. సూరయ్య కూతురు దిగిన్నాడే సెప్పాల్సింది. సెప్పనేదు. నా కొంపకొచ్చేదాకా నాకు కనబడనేదు. మీ కొంపకి రాకముందే మీరైనా సూడండి."

తండ్రులు కిటికీల వైపు తిరిగారు. శైలజ తండ్రితో ఆ రోజు మాట్లాడలేదు, మర్నాడూ మాట్లాడలేదు. ఆ పిల్ల కోపం న్యాయమైనది.

మీ ఊళ్లోనూ జట్టు ఉంటుంది, లిస్టు ఉంటుంది, గెలుపు మీద యావ ఉంటుంది. పిల్లలకి పేర్లున్నాయని గుర్తుపెట్టుకోండి. సొంత ఊరి పిల్లని తాడు బయట కూర్చోబెట్టి గెలిచిన కప్పుని ఊరి కప్పు అనకండి.