నా చేనిలో తోకచుక్క

తాగనివాడు బీరును ఎలా బహిష్కరిస్తాడు?

ఈ ప్రశ్న నాకు నేనే వేసుకున్నాను. వేసుకోక తప్పని స్థితికి తెచ్చినవాడు గంగప్ప. మదనపల్లె టమాటా మార్కెట్‌లో లారీలకు క్రేట్లు ఎత్తే హమాలీ. 'తోకచుక్క' బీరు తప్ప ఇంకొకటి ముట్టనని ఒకప్పుడు గర్వంగా చెప్పుకున్న మనిషి.

ఆ బీరు కంపెనీ ఒక వీడియో విడుదల చేసింది. మద్యానికి ప్రకటన ఇవ్వకూడదు కాబట్టి దాన్ని తోకచుక్క సోడా ప్రకటన అన్నారు. ఆ సోడాను మా ప్రాంతంలో ఎవరూ కంటితో చూడలేదు. వీడియోలో తెల్లచొక్కాల కుర్రవాళ్ళు టమాటా గుట్టల మీద దొర్లుతారు, కాయలను ఒకరి మీద ఒకరు విసురుకుంటారు, కాళ్ళతో తొక్కుతారు. చివర తెరమీద ఒక మాట వస్తుంది: 'పారేసేది పారేయ్, పండగ చేయ్.'

ఆ వారం మా మార్కెట్‌లో ధర కోత కూలికి కూడా చాలలేదు. బి.కొత్తకోట రోడ్డు పక్కన ట్రాక్టర్లు ఆపి రైతులు కాయను పారబోస్తున్నారు. వీడియోలో ఒక మూల, ఎర్రటి గుజ్జు వెనుక, ఒక ప్లాస్టిక్ క్రేటు కనిపించింది. దాని మీద పెయింటుతో రాసిన పేరు మా మార్కెట్‌లో కాయ వేలం వేసే ఒక మండీది. ఎవరి కాయను తొక్కారో ఇక వేరే చెప్పనక్కరలేదు.

మొదట మానేసింది తాగేవాళ్ళే. హమాలీలు, లారీ డ్రైవర్లు, కోతకు వచ్చే మగవాళ్ళు బ్రాందీ షాపుకు వెళ్ళి తోకచుక్క వద్దన్నారు. పెద్దమనుషులు నవ్వారు. తాగుబోతులకు కూడా పౌరుషమా అన్నారు. అంత రోషముంటే తాగుడే మానేయవచ్చు కదా అని మండీ యజమాని ఒకడు అంటే, గంగప్ప బస్తా దించినంత నిదానంగా జవాబిచ్చాడు.

"తాగేది మానేది వేరే సంగతి సామీ. అది నా ఒంటికోసరం. ఇది వాణ్ణి మానేది. నా కాయను తొక్కినోడి సీసా నా సేతిలో ఉండకూడదు, అంతే."

"ఇంకో బీరు బాగుండాదా మరి?"

"యాడ బాగుండాది! గడ్డి నానబెట్టిన నీళ్ళ మాదిరి ఉండాది. ముక్కు మూసుకోని తాగుతాండా."

అందరూ నవ్వారు. గంగప్ప కూడా నవ్వాడు. ఆ నవ్వులో ఏ లోటూ లేదు. తనకు ఇష్టమైనదాన్ని వదులుకున్నవాడికి మాత్రమే వచ్చే తేలికదనం అది.

రైతు సంఘం కార్యదర్శిని కనుక మార్కెట్ యార్డులో జరిగిన సభలో నేను మాట్లాడాను. మనిషి అమ్ముకోగలిగినది తన పంటనే కాని తన గౌరవాన్ని కాదన్నాను. వస్తువును నిరాకరించడం సామాన్యుడికి మిగిలిన చివరి ఓటు అన్నాను. చాలా ఏళ్ళుగా తత్త్వశాస్త్రం చదువుతున్నాను. మాటలు అమర్చడం వచ్చు. చప్పట్లు కొట్టారు. దిగి టీ అంగడి దగ్గరికి వస్తే గంగప్ప గ్లాసు అందించాడు.

"బాగా సెప్పినావు ఈశ్వరప్పన్నా. ఒగటి అడగతా, కోపం సేసుకోవు గదా?"

"అడగప్పా."

"నువ్వు పుట్టినప్పట్నించీ తాగవు. నువ్వేం మానేసినావు?"

పక్కనున్నవాళ్ళు పకపక నవ్వారు. నేనూ నవ్వాలని చూశాను. గంగప్ప అంతకుమించి ఏమీ అనలేదు. అనడానికి అతని దగ్గర ఇంకొక మాట ఉందని ఇద్దరికీ తెలుసు. అనకపోవడం అతని మర్యాద.

ఆ మాట పుంగనూరు రోడ్డు పక్కన నా చేనిలో నిలబడి ఉంది. రెండు ఇనుప కాళ్ళ మీద, తాటిచెట్టంత ఎత్తున, తోకచుక్క వారి ప్రకటన బోర్డు. దాని మీది ఫ్లెక్సీలో ఇప్పుడున్నది ఆ వీడియోలోని బొమ్మే. తెల్లచొక్కా కుర్రవాడు, గుజ్జు కారుతున్న చేయి, పక్కన సోడా అని పిలవబడే సీసా.

బస్సు కిటికీలోంచి రోజూ చూసే ఆ బోర్డునే ఆ సాయంత్రం మళ్ళీ చూశాను. బోరు ఎండిన ఏడాది కంపెనీవాళ్ళు వచ్చి స్థలం అడిగితే ఇచ్చాను. నా చేనిలో ఎండకుండా, తెగులు పట్టకుండా నిలిచిన పంట అదొక్కటే. కుప్పంలో డిగ్రీ చదువుతున్న నా కూతురు వసుధ హాస్టల్, ఫీజు ఆ బోర్డు అద్దెతోనే గడుస్తున్నాయి. నేను అద్దెకిచ్చింది నేలను, నోటిని కాదని ఇన్నాళ్ళూ సమాధానం చెప్పుకున్నాను. చెప్పుకోగా చెప్పుకోగా అది వాదనలాగే వినిపించసాగింది. కాని గంగప్ప నోట్లో చేదు ఉంది. నా వాదనలో ఏ రుచీ లేదు. ఖర్చు లేని నిరాకరణ నిరాకరణేనా? మరొకరి నాలుకతో నేను ఉపవాసం చేస్తున్నానా?

ఇంటి ముందు మోటారు సైకిలు ఆగి ఉంది. కంపెనీ సేల్స్ ప్రతినిధి హరీష్. సోమల ఊరి కుర్రవాడు, మర్యాదస్తుడు. నా భార్య రామక్క ఇచ్చిన మజ్జిగ తాగుతూ లేచి నిలబడ్డాడు.

"సార్, మదనపల్లె, పుంగనూరు, కుప్పం, మూడు చోట్లా సరుకు కదలడం లేదు. షాపోళ్ళు ఫ్రిజ్‌లోనించి మా సీసాలు తీసి కింద పెడతాండారు. పైనుంచి కొత్త డిజైన్ వచ్చింది. మీరొక్కరే కాపాడాల."

ఫోనులో బొమ్మ చూపించాడు. పచ్చని చేను, ఆకుపచ్చ తలపాగా, ముఖం ఉండవలసిన చోట ఖాళీ. కింద అక్షరాలు: 'రైతన్నా, నీ చెమటకు సలాం.' వాటి పక్కన అదే సీసా.

"ఆ ఖాళీలో మీ మొగం సార్. రైతు సంఘం కార్యదర్శి, సొంత చేను, సొంత బోర్డు. రేపు పొద్దున ఫోటోగ్రాఫరుతో వస్తా. అద్దె రెండింతలు చేస్తారంట."

"తప్పు చేసినామనే మాట యాడుండాది ఇందులో?"

హరీష్ ఫోను వెనక్కి తీసుకున్నాడు. "అది వద్దన్నారు సార్. తప్పని రాస్తే కేసులు వస్తాయంట."

"నీకేమనిపిస్తాంది?"

"నాదేముంది సార్." మజ్జిగ గ్లాసు కింద పెట్టాడు. "మా అమ్మ ఇప్పటికీ సోమలలో కాయ కోసేదానికి పోతాది. ఆ వీడియో ఆమెకి చూపించలేదు. బెంగళూరులో కూర్చున్నోళ్ళకి టమాటా అంటే సాస్ సార్. అది చెట్టుకి కాస్తాదని వాళ్ళకి తెలీదు."

"ఇది వాళ్ళకు చెప్పినావా?"

"చెప్తే ఉద్యోగం ఉంటాదా?"

అతణ్ణి తప్పు పట్టే అర్హత నాకు లేదు. ఇద్దరం ఒకే బోర్డు నీడలో నిలబడి ఉన్నాం.

అతను వెళ్ళాక కుప్పానికి ఫోను చేశాను. వసుధ దగ్గర ఏదీ దాచలేదు. గంగప్ప ప్రశ్న, ఖాళీ ముఖం, రెండింతల అద్దె, అన్నీ చెప్పాను. అంతా విని అడిగింది.

"ఆ ఫోటోలో నువ్వు నవ్వాల్నా నాయినా?"

"నవ్వాలంట."

"నా పేరు పెట్టిన దినం ఫోటోలో కూడా నువ్వు నవ్వలేదే! ఈ సీసా పక్కన నవ్వుతావా?"

"అద్దె లేకుంటే నీ హాస్టల్ కష్టమమ్మా. కాలేజీ మానాల్సి వస్తాదేమో. నా మాట నిలబెట్టుకోడానికి నీ చదువు ఖర్చు పెడితే అది న్యాయమా? వదులుకునేది నాది కావాల గాని నీది కాదు గదా."



"ఆ బోర్డు దుడ్డు తిన్నది ఎవురు నాయినా? నువ్వా? నేను. గంగప్పమామ తాగేవాడు, కాబట్టి ఆయప్ప మానేసినాడు. దీంట్లో తినేదాన్ని నేను. మానేది నేను గూడా." గొంతులో కొంత కోపం ఉంది. "హాస్టల్ ఇడిసిపెట్టి ఇంటినించే పలమనేరు మీద బస్సులో వచ్చి పోతా. బస్సులో నిద్రపోతా, బస్సులో సదువుకుంటా. కాలేజీ మానతానని ఎవురు సెప్పినారు నీకి? నా తరపున నువ్వు భయపడొద్దు."

నేను చదివిన పుస్తకాలన్నీ త్యాగం గురించి త్యాగం చేసేవాడి వైపు నుంచే చెప్పాయి. దానిలో వాటా అడిగే హక్కు ఇంకొకరికి ఉంటుందని నాకు తోచలేదు. నేను నా కూతుర్ని కాపాడుతున్నాననుకున్నాను. నిజానికి ఆమెను అడ్డం పెట్టుకుని నన్ను నేను కాపాడుకుంటున్నాను.

"సరేమ్మా," అన్నాను. "తీసేస్తాను."

"ఎప్పుడు?"

"వాళ్ళు వచ్చేటప్పటికి నేను పైన ఉంటా."

తెల్లారుతూనే నిచ్చెన భుజాన వేసుకున్నాను. రామక్క కొడవలి తెచ్చి ఇచ్చింది. దూరాన మబ్బు పట్టి ఉంది. "ఏమబ్బా, గుడ్డ చింపొద్దు," అంది. "కట్లు మాత్రం కోయి. గొడ్లకి పెట్టే శెనక్కట్టె వామి మీద కప్పుకుందాం, వాన వచ్చేటట్టుండాది."

నిచ్చెన మీంచి అందుకున్న ఇనుప కాళ్ళ మెట్లు సన్నగా ఉన్నాయి. పైకి వెళ్ళేసరికి కుర్రవాడి ముఖం నా శరీరం కన్నా పెద్దదైంది. అంత దగ్గరికి వస్తే ఆ నవ్వు నవ్వులా లేదు, రంగు చుక్కలు మాత్రమే. మొదటి కట్టు కోశాను. గుడ్డ ఒక మూల వదులై గాలికి కొట్టుకుంది.

మోటారు సైకిలు వచ్చి ఆగింది. హరీష్ దిగాడు. వెనుక కెమెరా సంచీతో ఇంకొకతను.

"సార్! ఏం చేస్తాండారు? అగ్రిమెంట్ ఉండాది సార్! ఏడాది చివరిదాకా తీయకూడదు. కేసు వేస్తారు!"

"వేయమను. పుంగనూరు కోర్టే గదా, ఆటోలో పోయి వస్తా. ఆడ జడ్జి అడిగితే ఎందుకు కోసినానో చెప్తా. వాళ్ళు రాయొద్దన్న మాట కోర్టు కాగితాల్లో ఎక్కుతాది."

"నేను వాళ్ళకేమని చెప్పాల?"

"ఫోటో కోసరం వచ్చినావు గదా. తీసుకో. ఇదే పంపు."

ఫోటోగ్రాఫరు హరీష్ వైపు చూశాడు. హరీష్ నేల వైపు చూశాడు, తర్వాత పైకి. తల ఊపాడు. కెమెరా సంచీ జిప్పు లాగిన శబ్దం పైదాకా వినిపించింది.

రోడ్డు మీద మదనపల్లె పోయే టెంపో ఒకటి వేగం తగ్గించింది. క్రేట్ల మీద కూర్చున్న కోత కూలీలు తలలెత్తి చూశారు. నేను నవ్వలేదు. ముఖం ఆ కూలీల వైపు తిప్పి ఉంచి, కొడవలిని చివరి కట్టు కింద పెట్టి లాగాను.